తర్వాత మామూలే

పైడిరాజు రాసిన వివరణలో నాలుగో మెట్టు దగ్గర అందరూ బోర్లా పడేవారు.

అది అచ్చయిన పుస్తకమేమీ కాదు. ‘పలుకు’ అనే ప్రోగ్రాముకి అతను నెట్‌లో రాసిపెట్టిన పదకొండు పేజీల వివరణ. ప్రోగ్రామును ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, విప్పి చూడొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు. అడిగేవాడు లేడు, ఆపేవాడు లేడు. అర్థం చేసుకునేవాడే దొరకాలి.

శ్రీకాకుళం వైపు పెద్ద వయసు ఆడవాళ్ళు కొందరు చుట్టను తిరగేసి, నిప్పు నోటిలోపల పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. పైడిరాజు తల్లి సూరమ్మా అలాగే తాగింది, నలభై ఏళ్ళు. అంగిట్లో పుండు లేచి, ఆపరేషనులో నాలుక కూడా చాలావరకు పోయింది. ప్రాణం దక్కింది గాని మాట పోయింది. నరసన్నపేట వీధిలో ఆ చివర్నుంచి ఈ చివరికి వినబడేలా తిట్టగలిగిన మనిషి పలకా బలపం పట్టుకుని కూర్చోవలసి వచ్చింది. ఆ పలకతో ఒరిగిందీ లేదు, ఆవిడకి అక్షరం ముక్క రాదు.

అప్పుడు చేశాడు పైడిరాజు ఒక పట్టీ. మెడకీ దవడకీ చుట్టుకోవాలి. మాట అనబోయేటప్పుడు కండరాల్లో పుట్టే చిన్న వణుకును అది పట్టుకుంటుంది, ఆ వణుకుని ‘పలుకు’ మాటగా మార్చి ఫోనులోంచి వినిపిస్తుంది. విడిభాగాలు ఏ ఎలక్ట్రానిక్స్ కొట్లో అడిగినా దొరుకుతాయి. చిక్కల్లా ఒక్కటే, ఎవరి గొంతుకి వారిదిగా దానికి నేర్పాలి. దాన్ని అతను ‘శ్రుతి చెయ్యడం’ అనేవాడు. ఒకసారి చేస్తే పది పన్నెండు రోజులు నిలుస్తుంది, తర్వాత మళ్ళీ చెయ్యాలి.

నాలుగో మెట్టు శ్రుతి గురించే. “తెరమీద యాభై మాటలు కనిపిస్తాయి. మనిషి చేత ఒక్కొక్కటీ అనిపించండి. తర్వాత మామూలే.”

అంతే రాశాడు. రాసిన ఏడాదికి కిడ్నీలు పాడై చనిపోయాడు.

ఆ ‘మామూలే’ దగ్గర ఎన్ని ఇళ్ళు ఆగిపోయాయో అతని భార్య హైమావతికి తెలుసు. రోజూ వచ్చే ఉత్తరాలు ఆవిడే చదివేది. “యాభై మాటలూ అనిపించామండి. తర్వాత మామూలే అని ఉంది. మాకు ఏది మామూలో తెలియట్లేదు,” అని కొత్తూరు నుంచి సింహాచలం అనే అతను రాశాడు. అతని తండ్రి గొంతు తీసేసి ఆరు నెలలయింది. అలాంటి ఉత్తరాలు పదకొండు వందల చిల్లర ఉన్నాయి.

హైమ ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచరు. వాక్యం విప్పి చెప్పడమే బతుకుతెరువు. అయినా ఆ ఒక్క వాక్యం ఆవిడకి లొంగలేదు. నాలుగో మెట్టును పందొమ్మిదిసార్లు తిరగరాసింది. ఎవరికీ అందలేదు. స్వయంగా బస్సెక్కి నాలుగిళ్ళకి వెళ్ళింది. ఆవిడ పక్కన కూర్చున్నంతసేపూ పట్టీ చిలకలా పలికేది. పదిరోజుల తర్వాత ఇంటివాళ్ళే శ్రుతి చేసుకోబోతే మూగదైపోయేది. తను చేస్తుండగా వీడియో తీయించి, మధ్యలో పిచ్చాపాటీ ఉన్నచోటల్లా కత్తిరించి, శుభ్రంగా పెట్టింది. దానివల్లా కాలేదు. పని తెలిసిన మరో ముగ్గురున్నారు, అందరూ పైడిరాజు పక్కన కూర్చుని నేర్చుకున్నవాళ్ళే. వాళ్ళదీ ఇదే వరస.

“మా చేతుల్లో ఏదో ఉంది డాక్టరుగారూ, మా కళ్ళకి కనబడ్డంలేదు,” అంది హైమ, విశాఖలో డాక్టర్ ఉషాబాల ల్యాబుకి వెళ్ళి. “నేను మళ్ళీ ఏమీ రానిదాన్ని అయిపోతే గాని అదేటో తెలీదు.”

ఆ ల్యాబులో చేసేది సరిగ్గా అదే. మనిషి ఒక విద్యను తలుచుకుంటున్నప్పుడు ఆ జ్ఞాపకం కాసేపు మెత్తబడుతుందట, తడిసిన మట్టిలా. ఆ కాసేపట్లో తలకి పెట్టిన కిరీటం లాంటి పరికరం దానిమీద సన్నటి అలలు పంపిస్తుంది. ఆ విద్య కప్పుకుపోతుంది. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘తెర’. పద్నాలుగు రోజుల్లోపు వస్తే తెర తీసేస్తారు, అంతా తిరిగి వస్తుంది. ఒకసారి తీసిన తెర మళ్ళీ వెయ్యరు. అప్పటిదాకా ప్రమాదాల్లో భయం పట్టుకున్నవాళ్ళకే వాడారు. చేతనైన పని మరిచిపోతానంటూ వచ్చింది హైమ ఒక్కతే.

డాక్టరు అన్నీ రాసుకుని, “ఈ పని మీకు నేర్పిందెవరు?” అని అడిగింది.

“మా ఆయన.”

ఉషాబాల కలం కింద పెట్టేసింది. “అయితే వినండమ్మా. నేర్చుకున్నదాన్ని, నేర్చుకున్న రోజుల్నుంచి విడదియ్యడం మాకు రాదు. పని వెనక ఆయన గొంతు ఉంటే అదీ వెలుగుతుంది. వెలిగిందల్లా కప్పుకుపోతుంది. పద్నాలుగు దాటితే గట్టిపడిపోతుంది. ఆ తర్వాత నా వల్ల కాదు.”

హైమకీ పైడిరాజుకీ పెళ్ళయిన మొదటి నాలుగేళ్ళూ ఇద్దరూ ఒక ఇంట్లో అద్దెకున్నవాళ్ళలా బతికారు. అతని పని అతనిది, ఆవిడ స్కూలు ఆవిడది. తర్వాత ఒక వానాకాలం, మూడు నెలలపాటు, రోజూ సాయంత్రం అతను ఆవిడకి ఈ పట్టీ సంగతి నేర్పాడు. ఆ మూడు నెలల్లోనే వాళ్ళు మొగుడూ పెళ్ళాలయ్యారు. అతని తాలూకు ఆవిడ దగ్గరున్న ఆస్తి ఏదన్నా ఉందంటే ఆ వానాకాలమే.

ఇంటికొచ్చి అత్తకి చెప్పింది. సూరమ్మ మెడకున్న పట్టీ వణికింది. ఫోనులోంచి, ఆవిడ చెల్లెలి చేత మాటలు చదివించి అరువు తెచ్చుకున్న గొంతు పలికింది.

“ఒద్దే. ఆ రోజులు పోతే నీకేటి మిగుల్తాదే?”

“పద్నాలుగు రోజులే కదత్తా. మళ్ళీ వచ్చీస్తాయి.”

“రాకపోతే?”

“రాకపోవడమేటి, నేను వెళ్ళి తీయించీసుకుంటాను.”

వెళ్ళే ముందు ఒక కాగితం రాసి బీరువా తలుపుకి లోపల అంటించింది. “హైమా, ఇది నువ్వే రాశావు. పద్నాలుగో రోజు విశాఖ బస్సు ఎక్కు. పని అయినా ఎక్కు, కాకపోయినా ఎక్కు. ఎందుకని అడక్కు, నీకు గుర్తుండదు. నేను బతుకుతున్నది ఆ మూడు నెలల మీదే.”

ల్యాబులో మూడు రోజులు కిరీటం పెట్టుకుని, పట్టీని ముందు పెట్టుకుని, తనకు తెలిసిందంతా ఒక్కొక్కటే చేస్తూ పైకి చెప్పింది. చెప్పిందల్లా పోయింది. మొదటిరోజు గడగడా చెప్పినావిడ మూడోరోజు సాయంత్రానికి ఆ పట్టీని అటూ ఇటూ తిప్పి, “ఇది మెడకా, నడుముకా?” అని అడిగింది.

ఇంటికి చేరాక పని మొదలుపెట్టింది. భర్త ఒక ప్రోగ్రాము రాశాడనీ, దాని వివరణను తను కొత్తగా చదివి బాగుచెయ్యాలనీ ఆవిడకి తెలుసు. ఎలా వాడాలో మాత్రం తెలీదు. పరాయివాళ్ళ వంటింట్లో ఉప్పు డబ్బా వెతుక్కున్నట్టుంది. “ఫోల్డరులోకి వెళ్ళండి” అని ఉంది. ఏ ఫోల్డరు నాయనా? “సులభంగా అమర్చుకోవచ్చు” అని ఉంది. ఆ సులభం ఆవిడకి రెండు రోజులు పట్టింది. తట్టుకుని పడ్డచోటల్లా ఒక గుర్తు పెట్టి, అక్కడ ఏం రాసి ఉంటే తను పడేది కాదో రాసుకుంది. ‘సులభంగా’, ‘కేవలం’, ‘తెలిసిందే కదా’ అన్న మాటల్ని కనబడ్డచోటల్లా కొట్టేసింది. ‘తెలిసిందే కదా’ అని రాసినవాడి మీద, మొగుడని కూడా చూడకుండా, విసుక్కుంది. ఎనిమిదో రోజుకి మూడు మెట్లూ ఎక్కేసింది. అంతమంది పడ్డ పాట్లు ఇవన్నమాట అనుకుని, కొంచెం గర్వం కూడా కలిగింది.

తొమ్మిదో రోజు సూరమ్మ పట్టీ శ్రుతి తప్పింది. ఆవిడ నిద్ర అనబోతే ఫోను నిప్పు అంది. గంజి అనబోతే గంట అంది. మర్నాటికి ఆ తికమక మాటలూ ఆగిపోయాయి.

హైమ వివరణ ముందు పెట్టుకుని నాలుగో మెట్టు మొదలెట్టింది. వీధి తలుపు మూసింది, ఫ్యాను ఆపింది, టీవీ కట్టేసింది. గుళ్ళో మంత్రం చెప్పించినట్టు యాభై మాటలూ ఒక్కొక్కటే పైకి చదివి అత్త చేత అనిపించింది. నీరు, భోజనం, ఔషధం, నొప్పి. సూరమ్మ జన్మలో ఔషధం అన్న పాపాన పోలేదు. అయినా బుద్ధిగా అంది. తెరమీద గీత ఒకటి ఉంటుంది, కండరం వణికితే లేవాలి. ఎండిన కాలవలా పడి ఉంది. మళ్ళీ చదివించింది, మళ్ళీ అనిపించింది. రోజుకి రెండుసార్లు, మూడుసార్లు. సూరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగేవి, దవడ నొప్పి పుట్టి.

తర్వాత మామూలే. ఏది మామూలు? హైమకి ఆ మాట మీద కసి పుట్టుకొచ్చింది.

పద్నాలుగో రోజు పొద్దున్న బీరువా తీసి కాగితం చదివింది. దస్తూరీ తనదే. ‘నేను బతుకుతున్నది ఆ మూడు నెలల మీదే’ అన్న వాక్యం రెండుసార్లు చదివింది. ఎవరో తెలిసినావిడ ఉత్తరం చదివినట్టుంది గాని గుండెలో ఏమీ కదల్లేదు. పైడిరాజు గుర్తున్నాడు. పెళ్ళిపీటల మీద ముభావంగా కూర్చున్నవాడు, అన్నం తిని చెయ్యి కడుక్కుని మాట్లాడకుండా వెళ్ళిపోయేవాడు. తర్వాత ఆసుపత్రి, డయాలిసిస్, చావు. అతని పక్కన కూలబడి ఏడుస్తున్న తనూ గుర్తుంది. అంతలా ఎందుకు ఏడ్చిందో మాత్రం అంతుపట్టలేదు.

అయినా మాటంటే మాటే. చీర మార్చుకుని సంచీ సర్దుకుంది. సూరమ్మ ముందే వీధి గుమ్మంలో నిలబడి ఎల్లు, ఎల్లు అన్నట్టు చెయ్యి ఊపుతోంది. చెప్పు తొడుక్కుంటుంటే ఫోను మోగింది, ఉత్తరం వచ్చినట్టు.

“టీచరుగారికి, కొత్తూరు నుంచి సింహాచలం. మా నాన్న సోమవారం పోయారండి. ఆఖర్న రెండు గంటలు ఏదో చెప్తూనే ఉన్నారు. పట్టీ కట్టాం గాని పలకలేదు. ఏం చెప్పారో మాకు తెలీలేదు. పట్టీ ఇంకెవరికైనా పనికొస్తుంది, ఎక్కడికి పంపాలో చెప్పండి.”

హైమ గుమ్మంలోనే కూర్చుండిపోయింది. విశాఖ వెళ్తే సాయంత్రానికి పనంతా మళ్ళీ వచ్చేస్తుంది. చేతులు వాటంతటవే చేసేస్తాయి. ఆ కనబడనిది మళ్ళీ కనబడకుండా పోతుంది. ఇంకో పదకొండు వందల ఇళ్ళలో ఎవరో ఒకరు రెండు గంటలపాటు ఏదో చెప్తూనే ఉంటారు.

ఇటుపక్క మూడు నెలలు. అవి ఎలాంటివో తెలీదు. తెలీనిదాన్ని వదులుకోవడం ఎంత తేలికో అప్పుడావిడకి అర్థమయింది, అర్థమయి భయం కూడా వేసింది. చెప్పులు విడిచి లోపలికి వచ్చేసింది. సూరమ్మ ఆవిడ చెయ్యి పట్టి లాగింది, తలకొట్టుకుంది, గోడమీది కేలండరు చూపించింది. బస్సు వెళ్ళిపోయింది.

పదహారో రోజు మధ్యాహ్నం, యాభై మాటలూ పదిహేనోసారి అయ్యాయి. గీత లేవలేదు. హైమ కాగితాలు పక్కకి గిరాటేసింది. అత్త మొహం వడిలిపోయి ఉంది. పొద్దున్నుంచీ ఇద్దరూ ఏమీ తిన్లేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

“అత్తా, ఆకలేస్తందేటి? గంజి కాచీనా?”

గీత లేచింది.

హైమ చూసింది. పట్టీ జారిందేమోనని సర్దింది. గీత పడుకుంది.

“ఆకలేస్తందా అంటన్నాను.”

మళ్ళీ లేచింది. జవాబు పెదాల దాకా రాకముందే, గొంతు మొదట్లో ఒక కదలిక. ఆకలి అని చదివించినప్పుడు లేనిది, ఆకలేస్తోందా అని అడిగితే వచ్చింది.

హైమ వరసగా అడిగింది. “కాళ్ళు లాగుతున్నాయేటి?” లేచింది. “రాత్రి నిద్రపట్టిందా?” లేచింది. “నామీద కోపమొచ్చిందా?” అది లేచిన తీరు చూస్తే తెరలోంచి బయటికొచ్చేసేలా ఉంది.

ఒకరు అప్పజెప్పమన్న మాట వేరు, మనిషికి మనిషి ఇచ్చే జవాబు వేరు. కండరానికి ఆ తేడా తెలుసు. పైడిరాజు యాభై మాటలూ అయ్యాక తల్లిని రోజూ అడిగేవే అడిగి ఉంటాడు. తిన్నావా, పడుకున్నావా, నొప్పి తగ్గిందా. ‘తర్వాత మామూలే’ అని నిజమే రాశాడు పాపం. ప్రతి ఇంట్లోనూ అడుగుతారనుకున్నాడు. మాట పోయిన మనిషిని ఎవరూ ఏమీ అడగరన్న సంగతి అతనికి తట్టలేదు. జవాబు రాదు కదా, అడగడం ఎందుకని మానేస్తారు. తనే వీడియోలో ఆ కబుర్లన్నీ ఏరి మరీ కత్తిరించేసింది.

గంజి కాచి, తాగిస్తూ, అడుగుతూనే ఉంది. అరవై ప్రశ్నలయ్యేసరికి ఎండ వీధి అరుగు దిగింది. ఫోను గరగరలాడి, చెల్లెలి గొంతుతో మొదటి మాట పలికింది.

“ఎందుకెల్లలేదే?”

హైమ సంతోషంతో నవ్వబోయి ఆగిపోయింది. సూరమ్మ ఏడుస్తోంది.

“నా కొడుకు పోయినా నీ కాడున్నాడనుకున్నాను. నీ కాడా నేకుండా సేసుకున్నావు.”

మర్నాడే విశాఖ వెళ్ళారు ఇద్దరూ. ఉషాబాల రెండు రోజులు ప్రయత్నించి కిరీటం తీసి పక్కన పెట్టింది. “గట్టిపడిపోయిందమ్మా,” అంది.

నాలుగో మెట్టు కొత్తగా రాసిపెట్టింది హైమ. “యాభై మాటలూ అయ్యాక మనిషి ఎదురుగా కూర్చోండి. తెర వంక కాదు, మొహం వంక చూడండి. రోజూ అడిగేవే అడగండి. మీరు అడగడం మానేసి ఉంటే మళ్ళీ మొదలుపెట్టండి. జవాబు కోసం ఆగండి. ఇలా అరవై ప్రశ్నలు.” కింద ఉదాహరణకి ఇరవై ప్రశ్నలిచ్చింది, వాళ్ళ వాళ్ళ ఊరి మాటల్లోకి మార్చుకోమని. నెల తిరిగేసరికి ఉత్తరాల తీరు మారిపోయింది. టెక్కలిలో ఒక పెద్దాయన నోరు విప్పుతూనే కోడలి పులుసుకి వంక పెట్టాడట. ఇంటిల్లిపాదీ పండగ చేసుకున్నారట. హైమ కూడా ఆ పనిని తను రాసిన వివరణ చదువుకునే మళ్ళీ నేర్చుకుంది. ఎక్కడా పడలేదు.

పని వచ్చింది. వానాకాలం రాలేదు. ఆవిడకి ఇప్పుడు పైడిరాజు మీద బెంగ పట్టుకుంది. పోయినవాడి మీద బెంగ కాదు, అది ఎలాంటిదో ఆవిడకి గుర్తులేదు. తను ఎప్పుడూ కలవని మనిషి మీద బెంగ. ఎవరో ఒకావిడ మూడు నెలలపాటు ఈ ఇంట్లోనే అతని పక్కన కూర్చుంది. ఆవిడంటే హైమకి అసూయగా ఉండేది.

పదిరోజులకోసారి శ్రుతి చెయ్యక తప్పదు, అరవై ప్రశ్నలు అడగక తప్పదు. తిన్నావా, పడుకున్నావా అయ్యాక, ఒకనాడు హైమ అడిగింది.

“ఆ వానాకాలం నువ్విక్కడే ఉన్నావు కదత్తా. ఏటి జరిగింది?”

గీత లేచింది. “ఏటి జరిగినాదీ. నువ్వు ఇస్కూల్నుంచొచ్చి ఆ మూల కూకునీదానివి. ఆడు ఈ మూల. నాకు నోరు నేదు గాని కళ్ళున్నాయి కదే. నెల తిరిగీసరికి ఒక్క సాపే సరిపోయినాది.”

“ఏటి మాటాడుకునీవోళ్ళం?”

“ఈ పట్టీ గోలే. మీ సదువుల మాటలు నాకేటి తెలుస్తాయి? ఒకనాడు మాత్తరం నువ్వేదో తప్పు నొక్కీసినావు. నాను మంచినీల్లు అందామనుకుంటే ఈ ఫోను ముసిలి మొగుడా అనీసింది. ఆడు తెల్లబోయినాడు. నువ్వు నవ్వినావు. కూకోనేక, నిలబడనేక, గోడ పట్టుకుని నవ్వినావు. ఆడు పనాపీసి నిన్నే సూస్తా ఉండిపోయినాడు. ఆ దినం ఇంక పట్టీ ముట్టుకుంటే ఒట్టు.”

హైమ వింటోంది. ఆ మూల వంక చూసింది, ఈ మూల వంక చూసింది. గోడ పట్టుకుని నవ్వుతున్న మనిషిని తెచ్చుకుందామని చూసింది, మొహం రాలేదు, చప్పుడు అసలే రాలేదు.

“ఎలాగ నవ్వానత్తా?”

గీత చాలాసేపు లేవలేదు. శ్రుతి తప్పిందేమోనని హైమ వంగి పట్టీ సర్దబోయింది. సూరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

“అదెలాగ సెప్తానే నాను? ఆడు పోయినకాణ్ణించి నువ్వు మల్లీ ఒక్కసారన్నా అలాగ నవ్వితే కదా, ఇదిగో ఇలాగే అని నీకు సూపించడానికి.”